నల్లి మందు

గోదావరి డెబ్బై అడుగులు దాటిన ఏడాది అది. వరద వచ్చింది, పోయింది. గోడల మీద బురద గీత మాత్రం ఉండిపోయింది. ఆ గీత ఆరకముందే షాలేమ్‌రాజు చనిపోయాడు.

బత్తాయి తోటలో మందు కొట్టే మనిషి. శుక్రవారం మధ్యాహ్నం తోటలోని మోటారు షెడ్డులో శవమై దొరికాడు. పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ బాటిల్. దాని అడుగున పురుగుమందు. బాటిల్ వాళ్లింటిదే. ఎస్సై క్రాంతికుమార్ కేసు తేల్చేశాడు. భార్య తిట్టింది, భర్త తాగాడు. భార్య అక్సా మీద ఆత్మహత్యకు పురిగొల్పిందన్న నేరం. వారం తిరిగి మళ్లీ శుక్రవారం పొద్దున ఆమెను భద్రాచలం కోర్టులో నిలబెట్టాలి.

గురువారం పొద్దున రేగులగట్టు స్టేషన్ మెట్లు ఎక్కాడు లూకా. రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు ఖమ్మంలో వకీళ్ల కోసం కేసుల అడుగు తవ్విపెట్టడం ఆయన పని. అక్సా తరఫు వకీలు పంపాడు. మాట తక్కువ మనిషి. ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా చూపు తిప్పడు.

ఎస్సై ఆయన సొంత చెల్లెలి కొడుకు.

"మామా, నువ్వా?" క్రాంతికుమార్ కుర్చీలోంచి లేవలేదు. "వకీలుకు ఇంకెవరూ దొరకలేదా?"

"దొరకలేదేమో."

"కేసు అయిపోయింది. ఇది విను." చనిపోయినవాడి ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. ఆడమనిషి గొంతు. కోపమో నవ్వో తెలియదు. "ఇయ్యాలన్నా ఆ నల్లి మందు తెస్తవా, తేవా? తేకుంటే గా మందు నువ్వే తాగి పండుకో."

ఎస్సై ఫోన్ ఆపాడు. "విన్నవ్ గద. నువ్వే తాగమన్నది. తాగిండు. ఇంకేం కావాలె నీకు?"

"ఆ పిల్లతోని మాట్లాడాలె."

"మాట్లాడు. జల్దీ కానీయ్."

అక్సా వరండాలో బెంచీ మీద ఉంది. ఒళ్లో కూతురు స్తుతి నిద్రపోతోంది. పిల్ల చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. లూకా ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నల్లి మందు ఎందుకమ్మా నీకు?"

"మంచానికి, పెద్దయ్యా."

"మంచానికా?"

"వరదప్పుడు మమ్మల్ని బడిల పెట్టిండ్రు గద. ఊరి మంచాలన్నీ ఆడనే. తిరిగొచ్చేటప్పుడు నల్లులు గూడ మా ఎంబడే వచ్చినయ్. పిల్లను చూడు ఎట్ల కొరికినయో. ఆయనేమో రోజూ తోటల నల్లి మందు కొడుతున్న అంటడు. ఊరి చెట్లకు కొట్టెటోడివి, ఇంటి మంచానికి జరంత తేరాదా అన్న. అది వేరే నల్లి పిచ్చిదానా, చెట్టు నల్లి, కండ్లకు గూడ కానరాదు అని నవ్విండు. నల్లి అంటే నల్లే గద అన్న నేను." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఖాళీ బాటిల్ చేతుల పెట్టి తోలిన. మతి లేనోడు, మరిచిపోతడని ఎనకనుంచి ఫోన్ల ఆ మాట పెట్టిన. రోజూ గట్లనే అనుకుంటం పెద్దయ్యా మేము. నవ్వుకుంటం."

"ఇదంతా ఎస్సైకి చెప్పినవా?"

"బాటిల్ మీదేనా అన్నడు. మాదే అన్న. నల్లి మందు తెమ్మన్నవా అన్నడు. అవ్, తెమ్మన్న అన్న. ఆ పైన ఏం అడగలే."

"అన్నం కట్టినవా ఆ రోజు?"

అక్సా తలెత్తి చూసింది. "శుక్రవారం గద పెద్దయ్యా. ఉపాస ప్రార్థన. పొద్దుగూకెదాక పచ్చినీళ్లు గూడ ముట్టడు. ఈ పిల్ల పుట్టినప్పుడు బతకదన్నరు. అప్పుడు మొక్కిండు. వరదల గూడ తప్పలే."

లూకా తల ఊపాడు. కదలబోతుంటే ఆమె అడిగింది.

"రేపు నన్ను జైలుకు తోలితే పిల్ల ఎక్కడుంటది? సారు హాస్టల్ అంటున్నడు. రాత్రి లేచి ఏడుస్తది పెద్దయ్యా. గోకుతనే ఉండాలె ఈపు."

లూకా పిల్ల చేతుల మీది దద్దుర్లు మరోసారి చూసి మెట్లు దిగాడు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది డాక్టరమ్మ మాట ఒక్కటే. స్టేషన్‌కు రాకముందే దవాఖానాకు పోయి, శవాన్ని కోసిన డాక్టరమ్మను కలిశాడు. ఆమె రెండు సంగతులు చెప్పింది. పొట్ట ఖాళీ. మందు పొట్టలో కన్నా ఊపిరితిత్తుల్లో ఎక్కువ. ఈ రెండూ రాసి ఎస్సైకి ఇచ్చానని కూడా చెప్పింది.

*

తోట ఉదయ్ భాస్కర్‌ది. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి అడవి అంచున స్థిరపడ్డ కుటుంబం. గట్టు మీది నేల కాబట్టి వరద ఎక్కలేదు. ఏరిన బత్తాయిలు రెండు కుప్పలుగా పోసి ఉన్నాయి. చిన్న కుప్ప పచ్చగా ఉంది. పెద్ద కుప్ప తుప్పు పట్టినట్టుంది.

లూకా పెద్ద కుప్పలోంచి ఒక కాయ తీశాడు. "ఇదేంది, పొయ్యిల కాల్చినట్టున్నది?"

"కాలడం కాదు హెడ్డు గారూ, మంగు." ఉదయ్ భాస్కర్ జేబులోంచి భూతద్దం తీసి చేతికిచ్చాడు. "మంగు నల్లి గీకేసింది. అద్దంలో చూడండి. పసుపు నూగులాగా పాకుతుంటాయి."

లూకా చూశాడు. కాయ మీద నూగు కదిలింది. అద్దం తీస్తే ఏమీ లేదు.

"లోపల పండుకేం కాదండి. తియ్యగానే ఉంటుంది. కానీ మార్కెట్టోడు తోలు చూసి జ్యూసు బళ్లకి తోసేస్తాడు. ఏడాది కష్టం పోద్ది."

"మరి దీనికి మందు లేదా?"

మందు మాట వచ్చేసరికి ఉదయ్ భాస్కర్ ముఖం తేటపడింది. భయపడ్డ మనిషికి తనకు తెలిసిన విషయం దొరికితే నిలబడటానికి మెట్టు దొరికినట్టే. "ఎందుకు లేదండి? పోయిన నెలాఖర్న వేపనూనె కొట్టించా. కొంచెం తగ్గి మళ్లీ ఎగిసింది."

"గంధకం మంచిదంటరు గద?"

"మంగుకి దాన్ని మించింది లేదు. నీళ్లలో కలిసే గంధకం ఉంటుంది. పొద్దునో సాయంత్రమో చల్లపూట కొట్టాలి."

"నూనె కొట్టిన మర్నాడే కొట్టొచ్చునా?"

"అమ్మో!" ఉదయ్ భాస్కర్ నవ్వాడు. "తోట తగలబడిపోద్ది. నూనె మీద గంధకం పడితే, అందులో ఈ ఎండకి, ఆకు మాడి రాలిపోద్దండి. మూడు వారాలన్నా ఆగాలి. పాతికేళ్లుగా తోట చేస్తున్నా, ఆ మాత్రం తెలీదా?"

"తెలవాలె." లూకా అద్దం తిరిగిచ్చాడు. "షాలేమ్‌రాజు కొట్టిన సాలు చూపించుండ్రి."

ఉదయ్ భాస్కర్ ముందు నడిచాడు. ఆ వారం చినుకు లేదు. కొట్టింది కొట్టినట్టే ఉండాలి. లూకా జేబులోంచి తెల్ల రుమాలు తీసి ఒక చెట్టు ఆకు తుడిచాడు. దుమ్ము తప్ప గంధకం పొడి ఏమీ రాలేదు. రెండో చెట్టూ అంతే. ఒక్క ఆకు మాడలేదు. వంగి కింద చూశాడు. పాదుల్లో తేనెటీగలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా పడి ఉన్నాయి. ఒక తొండ వెల్లకిలా ఎండిపోయింది. లూకా గడ్డి జరిపి చాలాసేపు వెతికాడు.

"ఏం పోయిందండి?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"చీమలు."

"ఆఁ?"

"ఇన్ని ఈగలు చచ్చి వారమైంది. ఎత్తుకపోవడానికి ఒక్క చీమ లేదు." ఇంకో నాలుగు చెట్లు నడిచాడు. అక్కడ ఆగాడు. ఈ చెట్టుకు ఒక పక్క కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి. మనిషి పట్టుకుని పడిపోయినట్టు. ఆ చెట్టు దాటితే పాదుల్లో ఈగ లేదు, తొండ లేదు. చీమలు బారులు తీరి ఉన్నాయి. "మందు కొట్టుడు ఈడనే ఆగింది. షెడ్డు గా చివరన ఉన్నది. ఇప్పుడు చెప్పుండ్రి. శుక్రవారం ఏం మందు కొట్టించిండ్రు?"

"ఎస్సై గారికి చెప్పానుగా. గంధకం."

"నూనె కొట్టి పది రోజులు గూడ కాకముందేనా? పాతికేళ్ల తోట మీది."

ఉదయ్ భాస్కర్ పెదవులు తడుపుకున్నాడు. "ఏదైతే ఏంటండి? చెట్టుకి ఏం కొట్టాడన్నది కాదు, తను ఏం తాగాడన్నది కదా కేసు."

"సరే. తాగేముందు ఏం చేసిండు?"

ఈ ప్రశ్నకు జవాబు తయారుగా ఉంది. "మధ్యాహ్నం మా వరండాలో అన్నం తిన్నాడు. మా ఆవిడే వడ్డించింది. గోంగూర పచ్చడి, మజ్జిగ. తింటూ తింటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడండి, పెళ్లాం మాటలు తలుచుకుని. నేనే ఊరుకోబెట్టా. కాసేపు షెడ్డులో నడుం వాలుస్తానని వెళ్లాడు. అంతే."

"కడుపునిండ తిన్నడా?"

"మారు కూడా వడ్డించుకున్నాడండి."

అబద్ధంలో ఉప్పు ఎక్కువైంది. లూకా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ ఇంటామెను ఒకసారి చూడాలె."

*

నాగలత వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంది. వారం నుంచి నిద్ర లేని కళ్లు. లూకా కూర్చోలేదు.

"అమ్మా, శుక్రవారం షాలేమ్‌రాజుకు ఏం కూర వేసినవ్?"

"గోంగూర పచ్చడని చెప్పానుగా," అన్నాడు భర్త.

"ఆమెను అడిగిన."

నాగలత నోరు తెరిచేలోపు గేటు దగ్గర జీపు ఆగింది. క్రాంతికుమార్ దిగి వరండా ఎక్కాడు. టోపీ తీయలేదు.

"మామా, నీకు డ్యూటీ అయిపోయి ఏండ్లయింది. ఎవరి ఇంట్ల పడితే వాళ్ల ఇంట్ల దూరి ఎంక్వైరీ చేస్తే ఊరుకోను. ఇంటికి పోయి మనవలను ఆడించుకో, పో."

"మనవలు లేరు నాకు. నువ్వొక్కనివే ఉన్నవ్."

"చుట్టరికం తేకు."

"తెస్త. క్రాంతీ, మీ అమ్మ శుక్రవారం ఏం తింటది?"

"గదేం ప్రశ్న?"

"చెప్పు. ముత్యాలమ్మ శుక్రవారం ఏం తింటది?"

క్రాంతికుమార్ చూపు తప్పించాడు. "ఏం తినదు. ఉపాసం."

"షాలేమ్‌రాజు గూడ తినడు. పొట్ట ఖాళీ అని డాక్టరమ్మ రాసిచ్చింది. ఈయనేమో మారు వడ్డించుకున్నడు అంటున్నడు. ఈయనకు మన ఉపాసాల సంగతి తెలవదు. అందుకే దొరికిండు. నీకు తెలుసు గద. ఉపాసమున్న తల్లి పక్కన కూసోని చదువుకున్నవ్ గద. ఎట్ల సంతకం పెట్టినవ్ ఆ కాయితం మీద?"

"ఒక్కరోజు తిని ఉండొచ్చు. మనుషులే గద."

"తింటే పొట్టల ఉండాలె." లూకా గొంతు పెంచలేదు. "ఇంకోటి విను. మందు ఊపిరితిత్తుల్ల ఉన్నది. తాగెటోడు మింగుతడు. అది పొట్టలకు పోతది. మింగలేక పడి ఉన్న మనిషి నోట్లె పోస్తే గాలితోని అటు పోతది. గాలి పీలుస్తున్న మనిషయితేనే పోతది. సచ్చినోడు పీల్చడు."

నాగలత స్తంభాన్ని పట్టుకుంది.

"ఉందండి," అంది. "ఊపిరి ఉంది."

"నాగా!" ఉదయ్ భాస్కర్ ఒక అడుగు వేశాడు. లూకా అడ్డం నిలబడ్డాడు.

"అన్నం ఎవరూ పెట్టలేదండి. అడిగాను. ఇవాళ ప్రార్థన అమ్మగారూ, చీకటి పడ్డాక తింటా అన్నాడు. మా ఆయన అప్పుడు ఇక్కడ లేరు." ఆమె ఆగకుండా చెబుతోంది, ఆగితే మళ్లీ చెప్పలేనన్నట్టు. "కాయ కొనేవాళ్లు వస్తున్నారని, మంగు ఆగట్లేదని, ఎక్కడినుంచో పాత మందు డబ్బా తెచ్చారు. లేబుల్ కూడా లేదు. గవర్నమెంటు ఆపేసిన మందంట. ఆ అబ్బాయికి గంధకం కలిపానని చెప్పారు. ఎండలో, ఖాళీ కడుపుతో కొట్టాడు. మూతికి తువ్వాలు తప్ప ఏం లేదు. నురగ కక్కుకుంటూ పడిపోయాడు. షెడ్డులోకి లాక్కొచ్చి ఫోన్ చేశారు."

"అంబులెన్సుకా?" అన్నాడు లూకా.

"కాదండి." ఆమె క్రాంతికుమార్ వైపు చూసింది. "ఈయనకి."

నాగలత మళ్లీ అందుకుంది.

"ఫోన్ పెట్టేసి ఆ అబ్బాయి సంచీలోంచి బాటిల్ తీశారు. ఇంట్లో నల్లులకి కాస్త మందు పోసివ్వండి అని పొద్దున అడిగాడండి ఆ బాటిల్ చూపించి. దాన్నిండా పోశారు. నేను చెయ్యి పట్టుకున్నాను. పొట్ట కదులుతోంది, భద్రాచలం తీసుకెళ్దాం, బతుకుతాడు అన్నాను. తాగి చచ్చాడని చెప్పమన్నాడు ఎస్సై, తాగినట్టు ఉండాలిగా అన్నారు. నోట్లో పోశారు."

"అబద్ధం!" క్రాంతికుమార్ అరిచాడు. "సచ్చిపోయిండనే చెప్పిండు నాతోని!"

అన్నాక తెలిసింది, ఏమన్నాడో.

"అంటే ఫోన్ వచ్చింది," అన్నాడు లూకా.

ఉదయ్ భాస్కర్ మెట్ల మీద కూలబడ్డాడు. ఎస్సై టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. గొంతు తగ్గించి లూకా దగ్గరికి వచ్చాడు.

"మామా. పోయినోడు పోయిండనుకున్న. పెద్దమనిషి కాళ్లావేళ్లా పడ్డడు. ఒక్క మాట సాయం చేసిన. గంతే."

"ఆ మాటకు అక్సా జైలుకు పోవాల్నా?"

"బెయిల్ వస్తుండె ఆమెకు. నాకు రాదు. నా ఉద్యోగం పోతది మామా. అమ్మ ముఖం ఎట్ల చూస్తవ్ నువ్వు?" లూకా తల అడ్డంగా ఊపాడు. అది చూసి క్రాంతికుమార్ ముఖం మారింది. "సరే. రేపు నేనే చెప్త అమ్మకు. మామ పగపట్టి ముంచిండని చెప్త. కన్నకొడుకు మాట ముంగట నీ మాట నిలవదు. చెల్లెలు గడప తొక్కనియ్యదు నిన్ను."

"కావచ్చు," అన్నాడు లూకా. నాగలత వైపు తిరిగాడు. "అమ్మా, ఆ డబ్బా ఏమైంది?"

"గోదాట్లో పడేయమన్నారు." ఆమె లోపలికి పోయి, బియ్యం డ్రమ్ము వెనకనుంచి గోనెగుడ్డలో చుట్టిన డబ్బా తెచ్చింది. "పడేయలేకపోయానండి."

"నడువు, భద్రాచలం పోదాం. ఇదే మాట పై అధికారి ముంగట చెప్పాలె."

నాగలత భర్త పక్కనుంచే మెట్లు దిగింది. ఆయన తలెత్తలేదు.

పొద్దుగూకేలోపు ఆమె మాట కాగితం మీదికి ఎక్కింది. డబ్బాకు సీలు పడింది. ఉదయ్ భాస్కర్‌ను పట్టుకొచ్చారు. క్రాంతికుమార్‌ను పై అధికారి పిలిపించి, ఫోన్ తీసుకుని, ఎదురుగా కూర్చోబెట్టాడు. అక్సాను కోర్టుకు తేవద్దని స్టేషన్‌కు కబురు పోయింది. లూకా ఆటోలో వచ్చి తల్లీకూతుళ్లను ఇంటి దగ్గర దింపాడు. బురద గీత ఉన్న గోడ పక్కన ఆ మంచం నిలబెట్టి ఉంది.

"మంచం ఎండల వెయ్యి. కాగే నీళ్లు పొయ్యి," అన్నాడు. "మందు జోలికి పోకు."

"ఆయన బతికి ఉన్నప్పుడే పోసిండ్రా, పెద్దయ్యా?" అడిగింది అక్సా.

"అవ్."

ఆమె పిల్ల వీపు గోకుతూ గుమ్మంలో కూర్చుంది.

*

మర్నాడు లూకా తొలి బస్సుకు ఖమ్మం వచ్చాడు. షేర్ ఆటోలో ఖానాపురం హవేలిలో దిగి చెల్లెలి ఇంటికి నడిచాడు. ముత్యాలమ్మ వాకిలి ఊడుస్తోంది.

"ఏందన్నా, చెప్పకుండ వచ్చినవ్? క్రాంతి మంచిగున్నడా? రాత్రి సంది ఫోన్ కలుస్తలేదు."

"ఉన్నడు."

"కూసో, టీ పెడ్త. నాకు ఉపాసం గానీ నీకేముంది."

"నాకు గూడ వద్దు."

"నువ్వెప్పుడు పట్టినవ్ ఉపాసం?" చెల్లెలు నవ్వింది.

"ఇయ్యాల్టి సంది."

ఆ నవ్వు ఆరకముందే చెప్పాడు. నిలబడే చెప్పాడు. తోట, బాటిల్, ఫోన్, అక్సా. కొడుకు ఏమన్నాడో చెప్పాడు. తాను ఏం చేశాడో చెప్పాడు. ఒక్క మాట మెత్తబరచలేదు. ముత్యాలమ్మ చీపురు పట్టుకునే విన్నది.

లోపల ఫోన్ మోగింది. క్రాంతి ఇంకెవరి ఫోన్‌లోంచో చేస్తున్నాడని ఇద్దరికీ తెలుసు.

"ఆ పిల్ల ఇల్లు చేరిందా?" అని అడిగింది ముత్యాలమ్మ.

"చేరింది."

ఆమె చీపురు గోడకు ఆనించింది. లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు అయింది.

లూకా బయటి మెట్టు మీద కూర్చున్నాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ముత్యాలమ్మ ఎత్తలేదు. ఎండ మెట్టు మీదికి వచ్చింది. పక్కింటామె చూసి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. లూకా చెంబు అందుకుని, తాగకుండా పక్కన పెట్టి, తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు.